ఒమన్‌లో బంగారు హారాలు: చరిత్ర, రకాలు, విలువ

ఒమన్‌లో మెడలో వేసుకునే బంగారు నగల్లో రెండు సంప్రదాయాలు కలిశాయి. ఒకటి ఆ దేశానిదే. అది వెండితో మొదలై, 1970 తరువాత బంగారంలోకి మారింది. రెండోది అరేబియా సముద్రం దాటి వెళ్లిన భారతీయులది. కాసులపేరు, చంద్రహారం, నల్లపూసలు, నక్షీ హారం వంటి తెలుగువారి నగలూ ఇందులోనివే. రాజధాని మస్కట్‌లోని మత్రా అంగడిలో ఈ రెండు తీరుల హారాలూ ఇరుగుపొరుగు దుకాణాల్లో వేలాడుతుంటాయి. హారం ఏ తీరుదైనా దాని వెలను తేల్చేవి ఐదు: వన్నె, నికర బరువు, మజూరి, పొదిగిన రాళ్లు, పన్ను. వీటిలో మొదటి రెండే మళ్లీ అమ్మినప్పుడు నిలిచేవి.

వెండి కాలం

ఇరవయ్యో శతాబ్దం మూడొంతులు గడిచేదాకా ఒమన్‌లో పెళ్లికూతురి నగ అంటే ప్రధానంగా వెండి నగే. నిజ్వా, బహ్లా, రుస్తాక్, సూర్ పట్టణాల కంసాలులు ఆ పనికి పేరుపొందారు. వారికి ముడిసరుకు గనుల నుంచి రాలేదు, నాణేల నుంచి వచ్చింది. ఆస్ట్రియా మహారాణి మారియా థెరిసా పేరిట వచ్చిన థాలర్ ఎర్ర సముద్రం, అరేబియా తీరాలంతటా చెల్లుబాటైన వెండి నాణెం. మహారాణి 1780లో చనిపోయింది. ఆ తరువాత ఎన్నాళ్లు ముద్రించినా నాణెం మీద అదే సంవత్సరం వేశారు. బరువు 28 గ్రాములకు కొంచెం ఎక్కువ, వెయ్యికి 833 పాళ్లు వెండి. బరువూ వన్నే ఎప్పుడూ మారని లోహం కనుక కంసాలి దాన్ని కళ్లు మూసుకుని మూసలో వేసుకోగలిగాడు. నగ తూకానికి కొన్నిసార్లు ఆ నాణేలే పడికట్టురాళ్లయ్యాయి. కరిగించనివాటికి కొక్కెం అతికి, హారం నడుమ పతకంగా వేలాడదీశారు.

ఆ కాలపు హారాల్లో ప్రసిద్ధమైనది హిర్జ్. ఖురాన్ వాక్యాలు రాసిన కాగితాన్ని దాచుకునే వెండి డబ్బీయే హిర్జ్. బల్లపరుపుగానో గొట్టంలానో ఉండే ఆ డబ్బీకి కింద చిన్న చిన్న గొలుసులు, మువ్వలు వేలాడతాయి. కొన్ని హిర్జ్‌ల ముఖం మీద పల్చటి బంగారు రేకు తాపడం చేసేవారు. దగ్గర పెట్టుకుని చూస్తే రేకు అంచు ఎక్కడ ఆగిందో, కింద వెండి ఎక్కడ మొదలైందో కనిపిస్తుంది. బంగారం అక్కడ అలంకారం మాత్రమే, విలువంతా వెండి బరువులోనే ఉండేది.

ఇస్లామీయ వివాహ ధర్మంలో వరుడు వధువుకు మహర్ ఇవ్వాలి. అందులో భాగంగా వచ్చిన నగ ఆమె సొంతం, భర్తకు దానిపై హక్కు లేదు. మన స్త్రీధనం లాంటిదే ఇదీ. కష్టకాలంలో ఆమె దాన్ని తూకం వేసి అమ్ముకునేది. ఆమె పోయాక చాలా నగలు మళ్లీ మూసలోకే వెళ్లేవి, కొత్త కోడలికి కొత్త నగ తయారయ్యేది. అందుకే ఒమన్‌లో బాగా పాత హారాలు అరుదు. మిగిలిన వాటిని మస్కట్‌లో 1998లో తెరిచిన బైత్ అల్ జుబైర్ ప్రదర్శనశాలలోను, 2016లో ప్రజలకు తెరుచుకున్న జాతీయ ప్రదర్శనశాలలోను చూడవచ్చు. 1997లో వచ్చిన ‘ఒమన్ అడార్న్డ్’ అనే గ్రంథం ఈ వెండి కళకు పెద్ద ఆధారం.

రూపాయి, తులం, రియాల్

మస్కట్ వ్యాపారంలో భారతీయులది పాత చోటు. కచ్ ప్రాంతపు భాటియా వర్తకులు శతాబ్దాల కిందటే అక్కడ స్థిరపడ్డారు. వారితో పాటు తులం తూకమూ రూపాయీ వెళ్లాయి. 1950లలో గల్ఫ్ తీరంలో విరివిగా చెల్లింది భారత రూపాయే. అక్కడ రూపాయలతో బంగారం కొని దొంగచాటుగా భారత తీరాలకు చేర్చడం, ఆ రూపాయలు తిరిగి వచ్చి మన విదేశీ మారక నిల్వలను హరించడం పెద్ద సమస్య అయింది. దాన్ని అడ్డుకోవడానికి 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ రూపాయి పేరుతో వేరే నోటు ముద్రించింది. మనవాళ్లకు బంగారం మీదున్న ప్రీతే ఒక కొత్త కరెన్సీ పుట్టడానికి కారణమైందన్నమాట.

భారత్‌లో 1963 నాటి బంగారం నియంత్రణ నియమాలు 14 క్యారెట్లకు మించిన కొత్త నగలను నిషేధించాయి. 1968లో బంగారం నియంత్రణ చట్టం వచ్చింది. కట్టడి పెరిగినకొద్దీ గల్ఫ్ నుంచి పది తులాల బిళ్లల (116.64 గ్రాములు) దొంగ రవాణా సాగింది. ఆ చట్టం 1990లో రద్దయింది. 1992 నుంచి ప్రవాస భారతీయులు సుంకం కట్టి బంగారం తెచ్చుకునే వీలు కలిగింది.

ఒమన్ 1970లో సొంత రియాల్‌ను తెచ్చుకుంది. ఒక రియాల్‌కు 1,000 బైజాలు. ఆ బైజా మన పైసా మాటే. 1986 నుంచి డాలరుకు 0.3845 రియాల్ చొప్పున స్థిరంగా ఉంది. లండన్‌లో డాలర్లలో తేలే బంగారం ధర ఈ స్థిర మారకం వల్ల మస్కట్ దుకాణం బోర్డు మీదకు నేరుగా దిగుతుంది.

వెండి నుంచి బంగారానికి

1967లో ఒమన్ చమురు ఎగుమతి మొదలైంది. 1970 జూలై 23న సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కాక రోడ్లు, జీతాలు, బజార్లు వచ్చాయి. అంతకుముందు బంగారం తీరప్రాంతపు సంపన్నుల ఇళ్లలోనే ఎక్కువగా కనిపించేది. చేతిలో డబ్బు ఆడేసరికి లోపలి పట్టణాల వధువులూ బంగారమే అడిగారు. అమ్మమ్మల వెండి అంగడిలో పర్యాటకులకు అమ్ముడుపోయింది, కొంత కరిగిపోయింది. రూపం మాత్రం పోలేదు. హిర్జ్ డబ్బీ, వేలాడే మువ్వలు, నాణేల వరుస, నెలవంక పతకం, సన్నని తీగపని అన్నీ బంగారంలో మళ్లీ పుట్టాయి.

ఒమనీ తీరు హారాలు

పెళ్లి హారాలు వెడల్పైనవి, రొమ్ము నిండా పరుచుకునేవి. గల్ఫ్ తీరమంతటా వాడుకలో ఉన్న ముర్తయిషా వీటిలో ప్రధానమైనది. ఆ అరబ్బీ పేరుకు వణికేది అని అర్థం. బిళ్లల వరుస కింద దట్టంగా వేలాడే గొలుసులు అడుగు తీసి అడుగు వేస్తే అదురుతాయి. చూపుకు భారీగా ఉన్నా ఇవి పల్చటి రేకుతో చేసినవి కాబట్టి పరిమాణంతో పోలిస్తే బరువు తక్కువ. రోజువారీ వాడకానికి సన్నని గొలుసు, అల్లా నామమో సొంత పేరో అరబ్బీ లిపిలో కోసిన లాకెట్ వేసుకుంటారు. అరబ్బు కొనుగోలుదారులు 21, 18 క్యారెట్ల నగలను ఎక్కువగా ఇష్టపడతారు. వన్నె తగ్గితే లోహం గట్టిపడి, పల్చటి తీగపని వంగకుండా నిలుస్తుంది.

తెలుగువారి హారాలు

గోదావరి జిల్లాలు, కడప, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి ఇంటిపనికి, నిర్మాణ పనికి, ఆసుపత్రులకు, కార్యాలయాలకు ఒమన్ చేరినవారు తమ మెడ నగల తీరును వెంట తీసుకెళ్లారు. మత్రా, రువీ ప్రాంతాల భారతీయ నగల దుకాణాల్లో వారు అడిగేది 22 క్యారెట్లే.

కాసులపేరు నాణేల హారం. ఒకప్పుడు అసలు సవరన్లనే గుచ్చేవారు. ఒక సవరను 7.98 గ్రాములు, 22 క్యారెట్లు. అందుకే గోదావరి జిల్లాల్లో నేటికీ కాసు అంటే 8 గ్రాములు. ఇప్పటి లక్ష్మీకాసులు పల్చటి అచ్చు బిళ్లలు, ఒక్కొక్కటి గ్రాము లోపే ఉండవచ్చు. థాలర్ వేలాడే ఒమనీ హారానికీ కాసులపేరుకూ ఒకే ఆలోచన మూలం: చెల్లుబాటయ్యే సొమ్మును ఒంటి మీదే దాచుకోవడం.

చంద్రహారం పలుపేటల పొడవాటి హారం. కంటె మెడను అంటిపెట్టుకునే గట్టి కడ్డీ. నాను అల్లిక గొలుసు. గుండ్లపేరులో గుండ్లు బోలుగా ఉంటాయి, కొన్నిట్లో లక్క నింపుతారు. పలకసర్లు పలకలుగా సాగిన పూసల వరుస. నక్షీ హారంలో బంగారు రేకును లక్క మీద పరిచి, వెనుక నుంచి ఉబ్బేలా కొట్టి దేవతామూర్తులను, నెమళ్లను తీరుస్తారు. గుట్టపూసల హారానికి అంచున చిన్న ముత్యాలు గుత్తులుగా వేలాడతాయి. నల్లపూసలు, పుస్తెలతాడు మాంగల్యానికి సంబంధించినవి, ఎంత ఇబ్బంది వచ్చినా చివరిదాకా అమ్మనివి.

విలువను తేల్చేవి

వన్నె: మేలిమి బంగారం 24 క్యారెట్లు. 22 క్యారెట్లంటే వెయ్యికి 916 పాళ్లు, 21 అంటే 875, 18 అంటే 750. మిగిలినది రాగి, వెండి. పూర్వం పదహారు వన్నెల లెక్కన గీటురాయి మీద గీసి చూసేవారు. ఇప్పుడు ఎక్స్‌రే యంత్రం నిమిషంలో చెబుతుంది, అయితే అది నగ పైపొరనే చదువుతుంది. అసలు సంగతి పుటం పెట్టి కరిగిస్తేనే తేలుతుంది. కేడీఎం అనే మాట వన్నెను చెప్పదు. అది కాడ్మియం కలిపి అతుకు వేసే పద్ధతి, అంతే. అతుకులు ఎక్కువున్న నగ కరిగించినప్పుడు వన్నె కొంత దిగవచ్చు. భారత్‌లో 2021 జూన్ 16 నుంచి హాల్‌మార్క్ దశలవారీగా తప్పనిసరి అయింది, 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల గుర్తు లేని నగ దుకాణంలో అమ్మకూడదు. మస్కట్‌లో కొన్న నగ మీద ఈ గుర్తు ఉండదు కనుక అక్కడి క్యారెట్ ముద్ర, బిల్లు రెండూ జాగ్రత్త చేసుకోవాలి.

నికర బరువు: మొత్తం బరువులో రాళ్లు, లక్క, పూసలు, దారం తీసేశాక మిగిలేదే బంగారం. తూకం పేర్లూ తికమక పెడతాయి. పాత తులం 11.66 గ్రాములు, ఇప్పుడు తెలంగాణలో తులమంటే 10 గ్రాములు, కోస్తాలో కాసు 8 గ్రాములు. ‘నాలుగు కాసులు’, ‘నాలుగు తులాలు’ ఒకటి కావు, వాటి మధ్య 8 గ్రాముల తేడా ఉంది. బేరం గ్రాముల్లోనే ఆడాలి.

మజూరి, తరుగు: యంత్రం అల్లిన గొలుసుకు తక్కువ, చేతిపని నక్షీకి, తీగపనికి ఎక్కువ. ఇది కంసాలి చేతికి, దుకాణం ఖర్చుకు ఇచ్చే సొమ్ము.

రాళ్లు: కెంపు, పచ్చ అసలువైతే వాటికి వేరే వెల, వేరే ధ్రువపత్రం ఉండాలి. గాజు, కృత్రిమ రాళ్లకు తిరిగి వచ్చేది ఏమీ ఉండదు.

పన్ను: 2021 ఏప్రిల్ 16 నుంచి ఒమన్‌లో 5 శాతం విలువ ఆధారిత పన్ను అమల్లో ఉంది, నగలకూ అది పడుతుంది.

ఒక లెక్క

లెక్క కోసం ఔన్సు బంగారం 3,000 డాలర్లు అనుకుందాం. ఔన్సుకు 31.1035 గ్రాములు కనుక గ్రాము మేలిమి దాదాపు 37 రియాళ్లు, 22 క్యారెట్లైతే 34 రియాళ్లు. 40 గ్రాముల సాదా గొలుసులో లోహం విలువ 1,360 రియాళ్లు. మజూరి 6 శాతం అనుకుంటే పన్నుతో కలిపి దాదాపు 1,514 అవుతుంది. అదే బరువు నక్షీ హారానికి మజూరి 20 శాతం అనుకుంటే దాదాపు 1,714. రేపు అమ్మితే రెండింటికీ లోహపు విలువే ఆధారం, అంటే మొదటిదానిలో 154 రియాళ్లు, రెండోదానిలో 354 రియాళ్లు తిరిగి రావు. ఆ 40 గ్రాముల్లో 5 గ్రాములు లక్క, రాళ్లు అయి, వాటినీ బంగారం ధరకే తూచి ఉంటే మరో 170 రియాళ్లు పోయినట్టే.

దీన్నిబట్టి నక్షీ హారం కొనకూడదని కాదు. అందం కోసం కొనే హారం వేరు, ఆపద కోసం కొనే హారం వేరు. ముచ్చటకు నక్షీ, ముర్తయిషా తీసుకోవచ్చు. దాచుకోవడానికి సాదా గొలుసు, గట్టి కంటె మేలు. పాత హిర్జ్ వంటి అరుదైన చేతిపనికి మాత్రం లోహాన్ని మించిన వెల ఉంటుంది. దాన్ని తూకానికి అమ్మడం నష్టం.

స్వదేశానికి తెచ్చేటప్పుడు

2016 నాటి బ్యాగేజీ నియమాలు ఏడాదికి మించి విదేశంలో ఉండి వచ్చే స్త్రీకి 40 గ్రాములు (లక్ష రూపాయల వరకు), పురుషుడికి 20 గ్రాములు (50,000 రూపాయల వరకు) సుంకం లేకుండా అనుమతించాయి. ధర పెరిగేకొద్దీ గ్రాముల కంటే ముందు రూపాయల పరిమితే నిండిపోయేది. 2024 జూలైలో భారత్ బంగారం దిగుమతి సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించడంతో అక్కడికీ ఇక్కడికీ ధరలో తేడా తగ్గింది. ఈ నియమాలు తరచూ మారుతుంటాయి కాబట్టి విమానం ఎక్కే ముందు ఆనాటి నియమం చూసుకోవడం, ఎక్కువ ఉంటే దిగాక కస్టమ్స్ ఎర్ర ద్వారం వైపు వెళ్లి ప్రకటించడం క్షేమం.

మస్కట్‌లో ఇంటిపని చేసే ఒక తల్లి కూతురి పెళ్లికని కొనే హారంలో ఆమె ఏళ్ల కష్టం ఉంటుంది. కాబట్టి హారం కొనేవారు బిల్లులో మొత్తం బరువు, నికర బరువు, వన్నె, మజూరి, రాళ్ల వెల, పన్ను వేర్వేరు వరుసల్లో రాయించుకోవాలి. ఆ ఆరు వరుసలు ఉన్న కాగితాన్ని హారంతో పాటే పెట్టెలో దాచాలి.