థార్ కి వించ్ ఎందుకు? బురద, జీపు, కప్పీల కథ

నాలుగు చక్రాలూ లాగే బండి కొన్న మనవాళ్ళకి రెండో నెలలోనే ఒక జబ్బు పట్టుకుంటుంది. దాని పేరు వించ్. బండి ముందు బంపర్ లో కూర్చునే ఒక మోటారు, దాని డ్రమ్ముకి చుట్టిన తాడు. బండి బురదలో దిగబడితే ఆ తాడుని చెట్టుకి కట్టి, బండి తనని తానే లాక్కుని బయటపడుతుందన్నమాట. మా తిరువూరు వైపు కుర్రాళ్ళు, హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ కోడు రాసుకుంటున్నవాళ్ళు, థార్ కొనడం ఆలస్యం, "అన్నా, ఏ వించ్ వేయించమంటావ్?" అని అడుగుతున్నారు. ఏ వించ్ అనేదానికంటే ముందు, అసలు ఈ వస్తువు ఎవరి కోసం పుట్టిందని అడగాలి. నా ఉద్దేశంలో అది ఒంటరివాడి కోసం పుట్టింది. మన ఊళ్ళలో దిగబడ్డవాడు ఎప్పుడూ ఒంటరివాడు కాదు. ఈ తేడా తెలుసుకోకపోతే లక్ష రూపాయలు పోతాయి, అది ఎలాగోలా సంపాదించుకోవచ్చు. తాడు తెగితే కాళ్ళో తలో పోతాయి, అవి రావు.

మొదట జీపు సంగతి. 1940 జూలైలో అమెరికా సైన్యం తేలికపాటి, నాలుగు చక్రాలూ లాగే బండి కావాలని 135 కంపెనీలకి కబురు పెట్టింది. నమూనా ఇవ్వడానికి గడువు 49 రోజులు. (ఈ సంగతి మీ ప్రాజెక్టు మేనేజర్ కి చెప్పకండి :)) పెన్సిల్వేనియా లోని బాంటమ్ అనే చిన్న కంపెనీ సెప్టెంబర్ 23 న బండి అప్పజెప్పింది. సైన్యం బండి బాగుందని మెచ్చుకుని, ఆ డ్రాయింగులు విల్లీస్ కీ ఫోర్డ్ కీ ఇచ్చేసింది. యుద్ధం అయ్యేసరికి ఆ రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. పాపం బాంటమ్ కి మాత్రం ఎక్కువగా ట్రైలర్లు చేసే పని మిగిలింది. సాఫ్ట్వేర్ లో ఇలాంటివి మనం చూడనివేం కాదు కదా.

మనకి కావలసిన విషయం ఇంకోటుంది. ఆ జీపు బరువు సుమారు 1100 కిలోలు, ఇంజన్ 60 హార్స్ పవర్. బాడీకి పక్కల చేతిపిడులు ఉండేవి. దిగబడితే సైనికులు ఆ పిడులు పట్టుకుని బండిని ఎత్తి, తోసి బయట పడేసేవాళ్ళు. అంటే జీపుకి పుట్టుకతో వచ్చిన రికవరీ సామాను మనుషులే! వించ్ ఉండేది పెద్ద బళ్ళకి. ఉదాహరణకి డాడ్జ్ డబ్ల్యూసీ-52 ట్రక్కు ముందు వించ్ ఉండేది. అది బ్యాటరీతో కాదు, ఇంజన్ నుంచి వచ్చే షాఫ్టుతో తిరిగేది.

యుద్ధం ముగిశాక మిగిలిన జీపులు అమెరికాలో జనం చేతికొచ్చాయి. వాళ్ళేం చేశారు? ఎడారుల్లోకి, కొండల్లోకి, పది మైళ్ళలో మనిషి కనబడని చోట్లకి వేసుకుపోయారు. 1948లో ఆర్థర్ వార్న్ అనే ఆయన సియాటిల్ లో ఆ పాత జీపుల కోసం లాకింగ్ హబ్బులు చేయడం మొదలుపెట్టాడు. రోడ్డు మీద వెళ్ళేటప్పుడు ముందు చక్రాలని డ్రైవ్ షాఫ్టు నుంచి విడదీసే చిన్న పరికరాలవి. ఆ కంపెనీయే 1959లో బ్యాటరీతో తిరిగే వించ్ తెచ్చింది. 1974లో వచ్చిన 8274 మోడల్ పేరు ఇప్పటికీ ఈ పిచ్చి ఉన్నవాళ్ళు భక్తిగా తలుచుకుంటారు. తర్వాత 1980 నుంచి 2000 వరకూ క్యామెల్ ట్రోఫీ అని ఒక సాహసయాత్ర పోటీ జరిగింది. బురద కొట్టుకుపోయిన పసుపురంగు ల్యాండ్ రోవర్లు, ముందు వించ్, పైన రాక్, ఆ ఫోటోలే ప్రపంచమంతా తిరిగాయి. ఇవాళ మన షాపుల్లో అమ్మేది సగం సామాను, సగం ఆ ఫోటో.

మనదేశానికి జీపు ఇంకో దారిలో వచ్చింది. 1945లో లూధియానాలో ఉక్కు వ్యాపారం కోసం మహీంద్రా అండ్ మొహమ్మద్ అనే కంపెనీ పెట్టారు. ఆ మొహమ్మద్ అంటే గులాం మొహమ్మద్. విభజన తర్వాత పాకిస్తాన్ కి మొదటి ఆర్థికమంత్రి అయ్యాడు, తర్వాత గవర్నర్ జనరల్ కూడా. ఇక్కడ మిగిలినది మహీంద్రా అండ్ మహీంద్రా అయింది, 1947 నుంచి విల్లీస్ జీపులతో బళ్ళ వ్యాపారంలోకి దిగింది. ఆ వంశంలోదే 2010లో వచ్చిన థార్, 2020లో వచ్చిన కొత్త థార్. స్వతంత్ర భారతంలో మొదటి కుంభకోణంగా చెప్పుకునేది కూడా 1948 నాటి జీపుల కొనుగోలే లెండి. వచ్చిన 155 జీపులూ సైన్యానికి పనికిరాలేదు. అది వేరే కథ.

ఇక్కడ జీపు సరదా బండి కాదు. తాసీల్దారు, పోలీసు, ఫారెస్టు, ఎన్నికలు. ఏజెన్సీలో కమాండర్ జీపు అంటే బస్సు కింద లెక్క, లోపల ఎంతమందో, బయట వేలాడేది ఎంతమందో. అన్నట్టు, తెలుగునాట అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చిన వెహికల్ మాడిఫికేషన్ ఏదంటే నేను ఎన్టీఆర్ చైతన్యరథం అంటాను. ఒక పాత షెవర్లే వ్యానుని మార్చి, హరికృష్ణ నడుపుతుండగా 1982లో రాష్ట్రమంతా తిరిగాడు. 1983 జనవరికి ప్రభుత్వమే మారిపోయింది. దానికి వించ్ లేదు, దిగబడితే తోయడానికి వేలమంది వెనకాలే ఉండేవాళ్ళు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. జీపు రాకముందు మన రేగడిలో బండి దిగబడలేదా? వానాకాలం నల్లరేగడి సంగతి కృష్ణా జిల్లా వాళ్ళకి చెప్పాలా. నీళ్ళు తాగి ఉబ్బి, చక్రానికి అంటుకుని, చక్రమే ఒక మట్టిముద్ద అయిపోతుంది. ఎడ్లబండి దిగబడితే పెద్దవాళ్ళు చేసే పనులకి ఒక వరస ఉండేది. ముందు బరువు దించు. తర్వాత చక్రం ముందు మట్టి తవ్వు. తాటిమట్టలో, కంపో, గడ్డో చక్రం కిందకి తొయ్యి. అప్పటికీ రాకపోతే ఇంకో జత ఎడ్లని తెచ్చి మోకు కట్టు. ఇప్పుడు ఆస్ట్రేలియా వాళ్ళ మ్యాక్స్ట్రాక్స్ అని ప్లాస్టిక్ పలకలు వేలకి వేలు పోసి కొంటున్నాం కదా, అవి తాటిమట్టలకి మనవలు. నేను వెటకారానికి అనడం లేదు, ఆ పలకలు మంచివే. ఆ వరస గుర్తుపెట్టుకోమంటున్నాను. లాగడం అనేది ఆఖరి పని.

ఎడ్ల తర్వాత ట్రాక్టర్ వచ్చింది, దాని తర్వాత జేసీబీ. 2024 సెప్టెంబర్ 1 న ఖమ్మంలో మున్నేరు పొంగి, ప్రకాశ్ నగర్ వంతెన మీద తొమ్మిదిమంది చిక్కుకుపోయారు. వాళ్ళని తెచ్చింది సుభాన్ ఖాన్ అనే హర్యానా డ్రైవరు, జేసీబీ వేసుకుని వెళ్ళి. అదే వానలకి విజయవాడలో బుడమేరు ముంచినప్పుడు కూడా వీధుల్లో కనిపించింది ట్రాక్టర్లూ జేసీబీలే. బరువు, ఎత్తు, నడిపేవాడి ధైర్యం. మా వైపు కట్టలేరు పొంగినప్పుడు కూడా అంతే. ప్రవాహంలో బండి తేలడం మొదలైతే వించ్ చేసేది ఏమీ లేదు. తాడు తీసుకెళ్ళి అవతల కట్టేది ఎవరు?

అవే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ గేట్లకి పెద్ద పడవలు కొట్టుకొచ్చి అడ్డంపడ్డాయి. భారీ క్రేన్లు పెట్టి లాగారు, కదల్లేదు. రోజుల తరబడి తంటాలు పడి, చివరికి వేరే పడవల మీద ఇనుప గర్డర్లు వేసి, చైన్ పుల్లీలతో కొంచెం కొంచెంగా ఎత్తి తీశారు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం మెకానిక్స్ లో చదివి మర్చిపోయినదే ఇది. హార్స్ పవర్ ఓడిన చోట కప్పీ గెలిచింది. బావి మీద గిలక దిశ మారుస్తుందే గానీ బలం పెంచదు. అదే గిలక బరువుతో పాటు కదిలేలా కడితే బలం రెట్టింపు, వేగం సగం. స్నాచ్ బ్లాక్ అని ఆఫ్ రోడ్ షాపులో అమ్మేది పక్క తెరుచుకునే కప్పీయే. తాడుని చెట్టు దగ్గర కప్పీ చుట్టూ తిప్పి మళ్ళీ మీ బండికే తగిలిస్తే, కప్పీ చెట్టునే పట్టుకున్నా, కదిలేది బండి కాబట్టి లాగుడు దాదాపు రెట్టింపవుతుంది.

ఈ చరిత్ర అంతా చూశాక, తిరువూరు చుట్టుపక్కల తిరిగే బండికి నేను చెప్పే వరస షాపువాడి వరసకి తలకిందులుగా ఉంటుంది. ఎందుకంటే ఇక్కడ మిమ్మల్ని లాగబోయేది వించ్ కాదు, పావుగంటలో వచ్చే పక్క చేను ట్రాక్టర్. ఆ ట్రాక్టర్ అబ్బాయి ఇనుప గొలుసు తెచ్చి, బండి కిందకి వంగి, చేతికి అందినదానికి తగిలించేస్తాడు. అది స్టీరింగ్ రాడ్డు కావచ్చు. లారీలో పంపేటప్పుడు కట్టడానికి ఇచ్చిన కొక్కెం కావచ్చు. ట్రైలర్ తగిలించే టో బాల్ కావచ్చు. లాగుడులో టో బాల్ విరిగి, తాడుతో పాటు గుండులా ఎగిరొచ్చి మనుషులు చనిపోయిన ఘటనలు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. అందుకని మొదటి ఖర్చు ముందూ వెనకా చాసిస్ కి బోల్టు చేసిన, బరువు రాసిపెట్టిన రికవరీ పాయింట్లు. మన భాషలో చెప్పాలంటే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అక్కడే ఉంది, అది సరిచేయకుండా పైన ఎంత కట్టినా దండగ.

తర్వాత గొలుసు బదులు సాగే నైలాన్ తాడు, సరైన షాకిళ్ళు రెండు. సాగే తాడు కుదుపుని మింగుతుంది, గొలుసు మింగదు. కానీ ఆ సాగే తాడుని వించ్ తో మాత్రం వాడకూడదు, శక్తి దాచుకుని తెగితే కొరడాలా కొడుతుంది. ఒక పార. చిన్న గాలి పంపు, గేజ్. మెత్తటి నేలలో టైరు గాలి 32 పీఎస్ఐ నుంచి 18 కి దించితే నేలని పట్టుకునే పాదం పెరుగుతుంది, సగం సార్లు లాగే అవసరమే రాదు. ఇంతా కలిపి వించ్ ఖర్చులో చిన్న భాగం.

అప్పుడు కూడా వించ్ కావాలంటే, మారేడుమిల్లి వైపో ఇంకా లోపలికో మనుషులు తక్కువున్న చోటికి తరచూ వెళ్ళేవాళ్ళయితే, వేయించుకోండి. లెక్క ఇది. మనుషులూ సామానూ కలిపి బండి బరువుకి ఒకటిన్నర రెట్లు. 2200 కిలోల బండికి 3300 కిలోలు, అంటే బజారులో 9500 పౌండ్ల వించ్, సుమారు 4300 కిలోలు. పెట్టె మీద రాసిన ఆ బలం డ్రమ్ము మీద మొదటి చుట్టులో ఉన్నప్పుడే. పైపై చుట్టల్లో ఉన్నప్పుడు మూడోవంతు దాకా తగ్గిపోతుంది. పూర్తి బరువు మీద 400 ఆంపియర్ల దాకా తాగుతుంది, కాబట్టి ఇంజన్ ఆన్ లో ఉంచి, ఆపి ఆపి లాగాలి. చెట్టుకి నేరుగా తాడు కట్టకుండా వెడల్పు పట్టీ వేయాలి. చెట్టు లేని చేలో అయితే స్టెప్నీని లోతుగా పాతి దానికి కట్టడం పాత పద్ధతి, రేగడిలో బాగానే పనిచేస్తుంది. తాడు మీద బరువైన గోతం కప్పాలి, తెగితే అది కిందకి తొక్కుతుంది. చుట్టూ చేరిన జనాన్ని తాడు పొడవుకంటే దూరం పంపాలి. మన దగ్గర ఇదే అన్నిటికంటే కష్టమైన పని!

చట్టం సంగతి కూడా వినండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే గట్టిగా చెప్పింది. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. బంపర్ ముందు పెట్టే ఇనుప గార్డుల మీద 2017 డిసెంబర్ లోనే కేంద్రం రాష్ట్రాలకి ఉత్తరం రాసింది. వించ్ కోసం బంపర్ కోయించేముందు ఆర్టీఓ ఆఫీసులోనూ ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గరా రాతపూర్వకంగా అడగండి, షాపువాడి "ఏం కాదు సార్" క్లెయిమ్ ఫారం మీద పనికిరాదు. కొండపల్లి అడవి అయినా పాపికొండలు అయినా రిజర్వు ఫారెస్టు లోపలికి బండి తోలాలంటే అటవీశాఖ అనుమతి ఉండాల్సిందే, ఎంత మంచి వించ్ ఉన్నా.