ఒక మార్కు ప్రశ్న వెనుక ఓజుల విద్య

అశోక్‌నగర్, చిక్కడపల్లి వీధుల్లో పోటీపరీక్షల అభ్యర్థులు వల్లెవేసే పాఠాల్లో ‘ఆదిలాబాద్ డోక్రా: భౌగోళిక గుర్తింపు, 2018’ అన్నది ఒక మార్కు ప్రశ్న. ఆ ఒక్క పంక్తి వెనుకనున్న విద్యను స్థూలంగా పరిచయం చేయాలని నా ప్రయత్నం.

మట్టి దిమ్మెపై మైనపు తీగలతో బొమ్మను తీర్చి, పైన మళ్ళీ మట్టి మెత్తి, ఆరబెట్టి కాలుస్తారు. మైనం కరిగిపోగా ఏర్పడిన ఖాళీలోకి ద్రవరూపంలోని ఇత్తడి చేరుతుంది. చల్లారాక మూసను పగులగొట్టవలసిందే. కనుక ఏ రెండు బొమ్మలూ ఒక్కటి కావు. సుమారు 4,500 ఏళ్ళనాటి మొహెంజొదారో నర్తకి విగ్రహం కూడా మైనపు పోతే.

ఆసిఫాబాద్ ప్రాంతపు ఉషేగాం వంటి పల్లెల్లో ఈ విద్య ఓజులది. గోండుల దేవతామూర్తులు, గంటలు, ఆభరణాలు వారు పోసినవే. నేడవి నగరాల్లో ఇంటి అలంకారాలు కూడా అయ్యాయి. చట్టపరమైన గుర్తింపు పేరును కాపాడగలదు, గిరాకీని తెచ్చిపెట్టలేదు. తండ్రి పక్కన కూర్చొని బిడ్డ నేర్చే విద్య ఇది. ఆ కూర్చోవడం ఒక తరంపాటు ఆగితే, మన పాఠాల్లో ఆ పంక్తి మాత్రమే మిగులుతుందని నా భయం.