తాలుకాయ వెనక తెగులు

కొమ్మ ఎండు, కాయకుళ్ళు: పేర్లు రెండు, తెగులు ఒకటే. కొల్లెటోట్రైకం అనే శిలీంధ్రం మిరపకు తెచ్చేది. మనదేశంలో దీన్ని 1913లో శిలీంధ్ర శాస్త్రవేత్త సిడో కోయంబత్తూరు మిరపపై గుర్తించి నమోదు చేశాడు. పూత మీదున్నప్పుడు లేతకొమ్మ చివర మొదలై కిందికి ఎండుకుంటూ వస్తుంది, పూత రాలుతుంది. నీళ్ళు చాలలేదేమోనని తడి పెట్టేవాళ్ళే ఎక్కువ. ఎండిన కొమ్మను దగ్గరగా చూడండి: గడ్డిరంగు బెరడు మీద నల్లచుక్కలు, భూతద్దం పెడితే వాటిమీద సన్నని నల్లముళ్ళు. అవి ఉంటే తడితో పోయేది కాదు.

పండుకాయ: కాయ ఎర్రబడ్డాక తెగులు బయటపడుతుంది. గుండ్రని పల్లపు మచ్చ, అందులో వలయాలుగా అవే చుక్కలు. చీల్చితే గింజ తుప్పురంగు.

తాలు: కల్లంలో ఎండేకొద్దీ మచ్చకాయ తెల్లబారుతుంది. బళ్ళారి, సిరుగుప్ప రైతులు సరుకు తోలే హావేరి జిల్లా బ్యాడగి మార్కెట్టులో కాయకు విలువ రంగును బట్టే. తెల్లమచ్చ పడితే కాయ తాలులోకి, అంటే ఏరి పక్కన పెట్టే నాసికాయలోకి పోతుంది, పైగా ఏరే కూలి. అయితే తాలంతా ఈ తెగులు నెత్తినే రుద్దడం న్యాయం కాదు. కల్లంలో మంచు, వాన తగిలినా కాయ తెల్లబడుతుంది. రాత్రిపూట పరదా కప్పితే ఆ సగం గొడవ తప్పుతుంది.

విత్తనం: అసలు పని ఇక్కడుంది. తెగులు గింజలో దాగి నారుమడికి వస్తుంది. ఇంటి విత్తనం కట్టేవాళ్ళు మచ్చలేని కాయలే ఏరుకోవాలి, తాలు గింజ అసలు ముట్టకూడదు. కిలో విత్తనానికి 3 గ్రాముల మాంకోజెబ్ పట్టించాలి.

తుంపర: వానచినుకు చిట్లి బీజాలను పక్కమొక్కకు చేరుస్తుంది. 28 డిగ్రీల వేడి, ముసురు కలిస్తే దీనికి పండగే. స్ప్రింక్లర్ కూడా ఆ పనే చేస్తుంది.

మందు: కాయ కుళ్ళాక కొట్టిన మందు కుళ్ళిన కాయను బాగుచేయదు. పూత దశలోనే, ఎండుకొమ్మలు కత్తిరించి కాల్చాక, లీటరుకు ప్రొపికొనజోల్ 1 మి.లీ. లేదా డైఫెనోకొనజోల్ అర మి.లీ. పిచికారీ చేయాలి. మళ్ళీ అవసరమైతే మందు మార్చాలి. కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో డబ్బా మీద ఉంటుంది. దుకాణదారు నోటిమాటకన్నా అది నయం.

బూడిద తెగులు: ఇది వేరు. ఆకు అడుగున తెల్లపొడి, ఆపై ఆకురాలుడు. దీనికి నీటిలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాములు. ఎండ మండేటప్పుడు కొడితే ఆకు మాడుతుంది.