ఆరు రోజుల బండి, ఆదివారపు ఇల్లు

గుంటూరులో మేమున్న వీధి మొదట్లో ఒక కిరాణాకొట్టు ఉండేది. ఆ కొట్టాయనకి ఒక మారుతీ వ్యాను. సోమవారం నుంచి శనివారం దాకా దాన్లో బియ్యం బస్తాలూ, నూనె డబ్బాలూ, ఎండుమిరపకాయల టిక్కీలూ తప్ప మనుషులు కనబడేవారు కాదు. శనివారం రాత్రి కొట్టు కట్టేశాక ఆ వ్యానుకి తలంటు జరిగేది. తీసి గోడకి చేరేసిన సీట్లు మళ్ళీ బిగించి, కింద పాత జంపఖానా పరిచి, తెల్లారేసరికల్లా పిల్లల్నీ, ముసలి తల్లినీ, పులిహోర గిన్నెనీ, మంచినీళ్ళ బిందెనీ సర్దుకుని కోటప్పకొండకో, అమరావతికో బయల్దేరేవారు. ఎంత కడిగినా మిరపకాయల ఘాటు మాత్రం పోయేది కాదు. బండి కదిలిన దగ్గర్నుంచి వీధి మలుపు తిరిగేదాకా పిల్లలు వరసగా తుమ్ముతూనే ఉండేవారు. "మంచి శకునమేరా" అని మామ్మగారు నవ్వేది.

సరుకు బండిని ఒక్క పూటకి ఇల్లు చేసుకోవడమనే ఈ విద్య మా కొట్టాయన కనిపెట్టింది కాదు. దానికి ఒక చరిత్ర ఉంది. రాజులూ యుద్ధాలూ అట్టే లేని చరిత్ర కాబట్టి బళ్ళో ఎవరూ మనకి చెప్పలేదు. ఇందులో ఉన్నవాళ్ళంతా వడ్రంగులూ, రొట్టెల కొట్టువాళ్ళూ, వాళ్ళ పెళ్ళాంబిడ్డలూను.

బండిలో కాపరం చెయ్యడం మనకీ వింత కాదనుకోండి. తిరునాళ్ళకి గూడుబండి కట్టుకుని, లోపల గడ్డి పరిచి, దాని మీద బొంత వేసుకుని పిల్లాపాపలతో రెండు రాత్రులు గడిపి వచ్చిన కబుర్లు మన అమ్మమ్మల దగ్గర కావలసినన్ని. ఎడ్లు మర్నాటి నుంచి మళ్ళీ ఎరువు తోలేవి. అటు ఇంగ్లండులో సరదా కోసమే ఇల్లుబండి చేయించుకున్న మొదటి పెద్దమనిషిగా విలియం గోర్డన్ స్టేబుల్స్ అనే డాక్టరు పేరు చెబుతారు. 1885లో బ్రిస్టల్ బండ్ల కంపెనీవారు ఆయనకి 'వాండరర్' అనే బండి కట్టి ఇచ్చారు. రెండు టన్నుల బరువు, రెండు గుర్రాలు. దాన్లో ఆయన స్కాట్లండులోని ఇన్వర్నెస్ దాకా 1300 మైళ్ళు తిరిగాడు. వెంట బండి తోలేవాడొకడు, పనివాడొకడు. ఈ పనివాడు మూడు చక్రాల సైకిలెక్కి ముందు వెళుతూ, వెనక పెద్ద బండి వస్తోందని జనాన్ని హెచ్చరించేవాడట. సొమ్మున్నవాడి విహారం అలా ఉంటుంది. ఆ బండికి మరో పనీ లేదు, ఆ యజమానికి అంట్లగిన్నెల బెడదా లేదు.

ఒకే బండి ఉన్న సంసారికి దారి దొరకడానికి ఇంకో అరవై ఏళ్ళు పైగా పట్టింది.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక జర్మనీలో వోల్ఫ్స్‌బుర్గ్ ఊరి ఫోక్స్‌వాగన్ ఫ్యాక్టరీ బ్రిటిష్ సైన్యం అజమాయిషీలో ఉండేది. ఫ్యాక్టరీ లోపల సామాన్లు ఒకచోటినుంచి ఇంకోచోటికి చేరవెయ్యడానికి అక్కడివాళ్ళు చిన్నకారు అడుగుభాగం మీద పలకలు పరిచి ఒక తోపుడుబల్ల లాంటి బండి చేసుకున్నారు. కార్లు కొనడానికి వచ్చిన హాలండు వ్యాపారి బెన్ పొన్ కళ్ళు దాని మీద పడ్డాయి. 1947 ఏప్రిల్ 23న ఆయన తన నోటుబుక్కులో ఒక బొమ్మ గీశాడు. ముందు డ్రైవరు, వెనక ఇంజను, మధ్యలో సరుకు. పక్కనించి చూస్తే అచ్చం రొట్టెముక్క. మన పిల్లలు గీసే బస్సు బొమ్మ అంతకంటే నయంగా ఉంటుంది కానీ, బుర్ర ఉన్న బొమ్మ అది. 1950 మార్చిలో ఆ బండ్లు ఫ్యాక్టరీలో తయారుకావడం మొదలైంది. పొడవు నాలుగు మీటర్లకి కాస్త పైన, ఇంజను బలం 25 గుర్రాలు. కొండ ఎక్కమంటే మా మామ్మగారి లాగే ఆగి ఆగి ఎక్కేది. రొట్టెలు చేసేవాళ్ళూ, కుళాయిలు బిగించేవాళ్ళూ, పూలమ్మేవాళ్ళూ కొనుక్కోవాలని చేసిన బండి అది. విహారం మాట ఎవరి మనసులోనూ లేదు.

వీడెన్‌బ్రూక్ అనే ఊళ్ళో 'వెస్ట్‌ఫాలియా' అని ఒక కార్ఖానా. 1844లో కమ్మరికొలిమిగా మొదలై, గుర్రపుబండ్లు కట్టి, తర్వాత మోటారు బండ్లకి తోకబండ్లు చేస్తూ వచ్చిన ఇల్లు. 1951 ప్రాంతాల, జర్మనీలో ఉంటున్న అమెరికా సైనికాధికారి ఒకాయన వచ్చి, ఈ వ్యానులో పడుకోవడానికీ వండుకోవడానికీ ఏర్పాటు చేసిపెట్టమన్నాడని చెబుతారు. చేసి ఇచ్చారు. తర్వాత వాళ్ళకి అసలు ఆలోచన వచ్చింది. వ్యానంతా మార్చేస్తే కొనేదెవరు? వారమంతా రొట్టెలు మొయ్యవలసిన బండి అది. అంచేత బండిని కదపకుండా, బండిలో పెట్టి తియ్యగలిగే చెక్కసామాను తయారుచేశారు. పేరు 'కాంపింగ్ బాక్స్'. పెద్ద పెట్టె అనుకోండి. దాన్ని విప్పితే కూర్చునే బల్ల, బల్ల పరిస్తే మంచం. ఒక మడత బల్ల, బట్టల అర, చిన్న స్టవ్వు, కిటికీలకి గళ్ళ పరదాలు. సోమవారం పొద్దున ఇద్దరు పట్టి దించేస్తే వ్యాను మళ్ళీ వ్యానే.

నాకు ఈ కథలో నచ్చిన ఘట్టం ఇదే. తర్వాత తర్వాత ఎత్తు లేచే కప్పులూ, నీళ్ళ పంపులూ, చలిపెట్టెలూ వచ్చి బోలెడు సోకులు చేరాయి. కానీ దించి గోడవార పెట్టుకునే ఆ పెట్టెలో ఉన్న సంసారపక్షపు తెలివి వాటిల్లో లేదు.

ఇంకో సంగతి. ఇవాళ మనం వారాంతం అంటే శని, ఆదివారాలు రెండూ అనుకుంటాం. 1951లో జర్మనీ కార్మికుడికి వారం ఆరు రోజులు, సుమారు 48 గంటల పని. అక్కడి కార్మిక సంఘాలు శనివారం సెలవు కావాలని ఉద్యమం లేవదీసి 1956 మే డేకి ఒక పోస్టరు వేశాయి. అందులో ఒక పిల్లవాడు శనివారం మా నాన్న నావాడు అంటాడు. లక్షమంది గుమాస్తాల అర్జీ కంటే ఆ పసివాడి మాట ఎక్కువ పనిచేసి ఉంటుంది. అంటే పెట్టె పుట్టిన రోజుల్లో చాలా ఇళ్ళల్లో దాన్ని బండెక్కించేది శనివారం సాయంత్రమే, మా కొట్టాయన లాగే. పొడుగు సెలవులు దొరికిన ఏడు ఆల్ప్స్ కొండలు దాటి ఇటలీ వెళ్ళడం వాళ్ళకి మనకి కాశీయాత్ర లాంటిది.

మరి ఇల్లాలి సంగతేమిటి? మగవాళ్ళు రాసిన కాంపరు చరిత్రల్లో ఇంజను గురించి పది పేజీలుంటే స్టవ్వు గురించి పది ముక్కలు కూడా ఉండవు. ఆనాటి ప్రకటనల్లో మాత్రం ఆవిడ తప్పకుండా ఉంటుంది. ఆయన కుర్చీలో పేపరు చదువుతుంటాడు, పిల్లలు బంతాడుతుంటారు, ఆవిడ వ్యాను గుమ్మంలో నవ్వుతూ ఏదో కలుపుతుంటుంది. ఇంట్లో నాలుగు పొయ్యిల మీద చేసేది ఇక్కడ రెండింటి మీద, నడుం వంచి, చేస్తోందన్నమాట! భార్య బయట ఉద్యోగం చెయ్యాలంటే ఇంటి బాధ్యతలకి అడ్డు రాకుండా చేసుకోవాలని పశ్చిమ జర్మనీ చట్టంలోనే రాసి ఉండేది. ఆ మాట 1977 జులైలో గానీ తొలగలేదు. అలాంటి చోట ఆదివారం గరిట ఎవరి చేతిలో ఉంటుందో వేరే చెప్పాలా?

అయితే ఒకవైపే చూసి తీర్పు చెప్పడం న్యాయం కాదు. ఇంగ్లండులో మామూలు కుటుంబాలు సముద్రతీరానికి వెళితే పూటకూళ్ళ ఇళ్ళల్లో దిగేవి. పొద్దున ఫలహారం కాగానే బయటికి నడవాలి, సాయంత్రం దాకా లోపలికి రానివ్వరు. వాన పడితే చంటిపిల్లని చంకనేసుకుని ఏ పందిరి కిందో నిలబడాలి. ఆ గృహయజమానురాళ్ళ గయ్యాళితనం మీద అక్కడ ఎన్ని హాస్యాలో! అలా నిలబడ్డ తల్లికి, తలుపు వేసుకుని బిడ్డకి పాలు కాచుకోగల నాలుగు మీటర్ల రేకు ఇల్లు ఎంత ఊరటగా ఉంటుందో మనం ఊహించగలం. స్టవ్వు లేకపోతే ప్రయాణమే లేదు. ఉంటే తనే వండాలి. ఆ ఇరకాటం మనకి తెలియనిదా?

ఇంగ్లండు కథలో ఇంకో తమాషా ఉంది. అక్కడ కారు కొంటే కొనుగోలు పన్ను కట్టాలి, సరుకు వ్యానుకి అక్కర్లేదు. మరి వ్యానుకీ కారుకీ తేడా ఎలా తెలుస్తుంది? డ్రైవరు వెనక పక్కగోడల్లో కిటికీలుంటే అది కారు కింద జమ. వ్యాను కొని, పిల్లలకి గాలాడుతుందని రెండు కిటికీలు కోయించారో, పన్ను మీద పడుతుంది. అదే లోపల మంచం, వంట ఏర్పాటు అన్నీ కదలకుండా బిగించి ఇదొక ఇల్లని అధికారుల్ని ఒప్పిస్తే పన్ను పోతుంది. చూశారా, జర్మనీలో తీసిపెట్టుకునే పెట్టె తెలివి, ఇంగ్లండులో కదలని సామాను తెలివి! గుమాస్తా రూలుని బట్టి వడ్రంగి మేకు.

సరుకు బండ్లు గంటకి 30 మైళ్ళు మించకూడదనీ, రాజోద్యానాల్లోకి పోకూడదనీ అక్కడ నిబంధనలుండేవి. కాంపర్లు తయారుచేసే పీటర్ పిట్ కావాలనే తన వ్యానుని విండ్సర్ గ్రేట్ పార్కులోకి నడిపించి, పోలీసుల చేత పట్టించుకుని, ఇది సరుకు బండి కాదు, ఇల్లు అని కోర్టులో వాదించి నెగ్గాడని ఈ చరిత్ర రాసినవాళ్ళు ఇష్టంగా చెప్పుకుంటారు. డెవన్ జిల్లా సిడ్మత్‌లో జాక్ వైట్ అనే చెక్కపని కంపెనీ యజమాని 1956 ప్రాంతాల తన పిల్లల్ని సెలవులకి తిప్పడానికి ఫోక్స్‌వాగన్ వ్యానులో చెక్కసామాను బిగించుకున్నాడు. చూసినవాళ్ళు మాకూ, మాకూ అన్నారు. అదే వ్యాపారమైపోయింది. ఫోక్‌స్టన్ రేవు దగ్గర ఓడల కోసం కాసుకుని కార్లలో ముడుచుకు పడుకున్న జనాన్ని చూసి మార్టిన్ వాల్టర్ కంపెనీవారికి 'డార్మోబైల్' తట్టిందంటారు. బెడ్‌ఫర్డ్ వ్యాను కప్పు కోసి, ఒక పక్క మడతబందులు వేసి, పైకెత్తితే చారల గుడ్డ గోడలా లేచేటట్టు చేశారు. నిలబడి చీర, అదే, వాళ్ళ గౌను, కట్టుకునే వీలు అప్పటికి గానీ ఆడవాళ్ళకి దక్కలేదు. 1973 ఏప్రిల్‌లో పాత పన్ను పోయి వ్యాట్ వచ్చింది, దాంతో ఈ లాభమంతా ఆవిరి.

ఆవిరంటే గుర్తొచ్చింది. ఒకసారి శ్రీశైలంలో గది దొరక్క మేం ఐదుగురం ఆ కొట్టాయన వ్యానులోనే రాత్రి గడిపాం. దోమలని అద్దాలన్నీ బిగించుకున్నాం. తెల్లారి చూద్దునుగదా, కప్పు నుంచి టప్పు టప్పుమని నీళ్ళు. వాన లేదు, మా ఊపిరే! మనం వదిలే గాలిలోని చెమ్మ చల్లటి రేకుకి తగిలి నీరవుతుంది. అందుకే కాంపర్లు కట్టేవాళ్ళు రేకుకీ చెక్కకీ మధ్య చలి తగలని సరుకు దట్టిస్తారు, గాలికి సందు ఉంచుతారు. సందు లేకుండా తలుపులు బిగించుకుని లోపల స్టవ్వు వెలిగిస్తే ఇంకా ప్రమాదం. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని నిద్రపోయినవాళ్ళకి ఏమవుతుందో మన పెద్దవాళ్ళకి తెలుసు. ఆ విషవాయువుకి వాసన కూడా ఉండదు.

ఆ జర్మనీ వ్యానులే 1960, 70లలో యూరప్ కుర్రకారుని ఎక్కించుకుని ఇస్తాంబుల్, టెహరాన్, కాబూల్ మీదుగా ఢిల్లీకీ, గోవాకీ, కాఠ్‌మండూకీ వచ్చేవి. 1979లో ఇరాన్ విప్లవం, ఆఫ్ఘనిస్తాన్‌లోకి రష్యన్ సైన్యం రావడం, ఆ దారి మూతపడింది. ఆ పాత రకం వ్యాను తయారీ చివరికి బ్రెజిల్‌లో 2013 డిసెంబరులో ఆగిపోయింది.

పెట్టె ఆలోచన మాత్రం పోలేదు. చిన్న సరుకు వ్యాను వెనకభాగంలో దూర్చి, విప్పితే మంచమూ, లాగితే పొయ్యీ అయ్యే పెట్టెలు ఇప్పుడు యూరప్‌లో మళ్ళీ అమ్ముతున్నారు. 2020లో ఫోక్స్‌వాగన్ వారే తమ చిన్న వ్యాను క్యాడీని కాంపరుగా తెచ్చారు. జపాన్‌లో 660 సీసీ ఇంజనుతో నడిచే బుల్లి వ్యాన్లలో పడకలు అమర్చుకుని ముసలి దంపతులు దేశం చుట్టి వస్తున్నారు. వాటిల్లో సుజుకీ వారి 'ఎవ్రీ' ఒకటి. మన మారుతీ వ్యాను 1984లో వచ్చింది కూడా సుజుకీ వారి 'క్యారీ' నుంచే కాబట్టి, ఆ రెండూ ఒకే వంశం. అక్కడి పిల్ల రోజూ ముస్తాబై ఊళ్ళు తిరుగుతుంటే, మన పిల్ల బస్తాలు మోసి, బడిపిల్లల్ని మోసి, అంబులెన్సయి, 2019లో తయారీ ఆగి తెరమరుగైంది.

మా వీధి కొట్టాయన ఇల్లాలు, నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని, ఒకనాడు నాతో అంది: "ఆదివారం బండెక్కాలంటే శనివారం రాత్రే చింతపండు నానబెట్టాలి. నాలుగింటికి లేవాలి. అందరూ తుమ్ముతూ ఎక్కుతారు, నేను ఆవలిస్తూ ఎక్కుతాను." ఆ తర్వాత ఓ ఆదివారం ఆవిడ పులిహోర చెయ్యలేదు. అమరావతిలో హోటల్లో తిన్నారు. సాంబారులో ఉప్పు ఎక్కువైందని ఆయన వారం రోజులు సణిగాడు. ఆవిడ మాత్రం ఆ రోజు కృష్ణ ఒడ్డున చెట్టు కింద జంపఖానా వేసుకుని రెండు గంటలు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయిందట.

పిల్లలు పెద్దవాళ్ళయి తలో ఊరూ వెళ్ళాక వ్యాను అమ్మేశారు. కొనడానికి వచ్చినాయన ఇంజను చూసి, టైర్లు చూసి, వెనక తలుపు పైకెత్తి లోపలికి వంగి ఒక్క తుమ్ము తుమ్మాడు. "మిరపకాయలు తోలేవారాండీ?" అని అడిగాడు.