థేమ్స్ కట్ట కింద ఏముంది?

లండన్‌లో విక్టోరియా ఎంబాంక్‌మెంట్ మీద నడిచేవారికి కనిపించేది రాతి గోడ, దీపస్తంభాలు, చెట్ల నీడ. నదీతీరాన్ని తీర్చిదిద్దాలనుకునే నగరాలన్నీ అరువు తెచ్చుకునేది ఆ పైరూపాన్నే. కానీ ఆ కట్ట కట్టింది ముఖ్యంగా మురుగు కోసం. 1858 వేసవిలో థేమ్స్ నది కంపు భరించలేక పార్లమెంటు భవనం కిటికీ తెరలను క్లోరైడ్ ఆఫ్ లైమ్‌లో తడిపి వేలాడదీశారు. ఆ ఆగస్టుకల్లా నదిని శుభ్రం చేసేందుకు చట్టం వచ్చింది. ఇంజనీరు జోసెఫ్ బాజల్‌గెట్ నదికి సమాంతరంగా ఇటుక సొరంగాలు కట్టించి, మురుగును నదిలో కలవకముందే పట్టి తూర్పుకు మళ్ళించాడు. 1870లో తెరిచిన ఎంబాంక్‌మెంట్ అలాంటి ఒక సొరంగానికి పైకప్పు. దాని పక్కనే భూగర్భ రైలు మార్గం. 1866లో లండన్‌కు కలరా మళ్ళీ వచ్చినప్పుడు ఎక్కువమంది చనిపోయింది తూర్పు పేటల్లో, అంటే కొత్త సొరంగాల పని ఇంకా పూర్తికాని చోట. ఆ పని విలువకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మురుగు శుద్ధికి ఏళ్ళు పడుతుంది, ముందు జనానికి కనిపించేదేదో కడితేనే మద్దతూ డబ్బూ వస్తాయని కొందరంటారు. అందులో కొంత నిజముంది. సియోల్ నగరం చొంగ్యేచొన్ వాగు పునరుద్ధరణను 2003లో మొదలుపెట్టి 2005కల్లా దాన్ని తెరిచింది, జనం తండోపతండాలుగా వచ్చారు. అయితే అందులో పారే నీటిలో అధికభాగం హాన్ నది నుంచి మోటార్లతో తోడి పోస్తున్నదే. బాజల్‌గెట్ మాత్రం అందాన్నీ మురుగునూ ఒకే కట్టడంలో ఇమిడ్చాడు. కాబట్టి ఒకదాని కోసం రెండోది ఆగాలన్న నియమమేమీ లేదు.

అలాగని లండన్‌ను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అక్కడి మురుగు శుద్ధి కాలేదు, దిగువకు జరిగింది, అంతే. 1878లో ప్రిన్సెస్ ఆలిస్ అనే పడవ ఆ మురుగు కలిసే చోటికి దగ్గర్లోనే మునిగి ఆరువందల మందికి పైగా చనిపోయారు. శుద్ధి గురించిన గట్టి ఆలోచన ఆ తర్వాతే వచ్చింది. హైదరాబాదు నేర్చుకోవలసిన పాఠం ఇక్కడే ఉంది. 1908 సెప్టెంబరులో అక్కడి మూసీ నదికి వచ్చిన వరద తర్వాత ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఆ నదిని ఊళ్ళో ఉన్న ముక్కగా మాత్రమే చూడలేదు. ఎగువన జలాశయాలు కట్టమన్నాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఎగువను పట్టించుకున్న నగరం దిగువను మరిచింది. మన మురుగు కలిసిన నీటితోనే నల్లగొండ వైపు రైతులు ఇప్పటికీ పొలాలు తడుపుకుంటున్నారు. మూసీ తీరాన్ని తీర్చిదిద్దే పథకం గెలిచిందో లేదో చార్మినార్ దగ్గర కాదు, దిగువనున్న వలిగొండ దగ్గర నీళ్ళు పరీక్షించి తేల్చాలి.