1960 నాటి అమెరికా యెన్నిక – నల్లజాతివారి వోట్లు

ఎన్నికల కాలమున అభ్యర్థులు అల్పసంఖ్యాకుల వాకిటికి వచ్చుట యెల్లదేశముల యందును గలదు. వచ్చినవా రేమి పలికిరో తెలిసికొన్న చాలదు; గెలిచిన పిమ్మట నేమి చేసిరో, చేయువఱకు ఆ ప్రజ లెట్లు పట్టు విడువక నిలిచిరో విచారింపవలెను. ఇందుకు 1960వ సంవత్సరపు అమెరికా అధ్యక్షుని యెన్నిక మంచి నిదర్శనము.

జాతినిబట్టి గాని వర్ణమునుబట్టి గాని వోటుహక్కును నిరాకరింపరాదని అమెరికా రాజ్యాంగపు పదునైదవ సవరణ 1870లోనే శాసించెను. అయినను దక్షిణ రాష్ట్రములలో అక్షరపరీక్షలు, వోటుపన్నులు, బెదిరింపులు దానిని నిరర్థకము గావించెను. ఉత్తరాది నగరములకు వలసపోయిన నల్లవారు మాత్రము పెక్కురు వోటర్లైరి. లింకను పక్షమను కృతజ్ఞతచే చిరకాలము రిపబ్లికనుల నాదరించినవారు, 1936 మొదలు అధికసంఖ్యలో డెమొక్రాటులవైపు మరలిరి. 1960లో వారి వోట్లకై యుభయపక్షములవారును పాటుపడిరి.

ఆ యేట అక్టోబరు 19వ తేదీన అట్లాంటా నగరమున, భోజనశాలలో నల్లవారికి సమస్థానమీయని యొక గొప్ప దుకాణములో సత్యాగ్రహము చేసి మార్టిన్ లూథర్ కింగ్ నిర్బంధితుడయ్యెను. తక్కినవారు విడుదలైనను, వాహనపు లైసెన్సుకు సంబంధించిన పాత కేసును మిషగా గొని న్యాయాధిపతి యాయనకు నాలుగు మాసముల కఠినశిక్ష విధించెను. 26వ తేదీన తెల్లవారకమున్నే యాయనను రీడ్స్‌విల్ కారాగారమునకు కొనిపోయిరి. గర్భవతియైన భార్య కొరెటా భర్త ప్రాణములకై భీతిల్లెను. నాడే డెమొక్రాటు అభ్యర్థి జాన్ కెనడీ, సహాయకుల సలహాపై, ఆమెతో టెలిఫోనులో మాటలాడి సానుభూతి తెలిపెను. అతని తమ్ముడు రాబర్టు న్యాయాధిపతితో మాటలాడెను. మఱునాడు కింగ్ జామీనుపై విడుదలయ్యెను. రిపబ్లికను అభ్యర్థి నిక్సన్ బహిరంగముగా నేమియు పలుకడయ్యెను.

అంతవఱకు నిక్సన్‌ను బలపఱచుచుండిన కింగ్ తండ్రి తన వోటు కెనడీకని ప్రకటించెను. ఈ వృత్తాంతమును దెలుపు కరపత్రములు లక్షలకొలదిగా ముద్రింపబడి, యెన్నికకు ముందటి ఆదివారము నల్లవారి చర్చీలయొద్ద పంచబడెను. నవంబరు 8వ తేదీన పోలైన సుమారు 6 కోట్ల 80 లక్షల వోట్లలో కెనడీకి వచ్చిన ఆధిక్యము లక్షకు కొంచెము మించినది మాత్రమే. ఒక్క టెలిఫోను పలకరింపే గెలిపించెననుట అతిశయోక్తి. కాని నల్లవారి వోట్లు లేకున్న ఆ గెలుపు లేదనుట నిజము.

పిదప నేమాయెను? ప్రభుత్వ సహాయముతో కట్టెడి గృహముల విషయమున జాతివివక్షను ఒక్క కలపుపోటుతో తొలగింపవచ్చునని పలికిన యాతడు, అధికారమునకు వచ్చి దాదాపు రెండేండ్లు ఆ కలమును తాకలేదు. ప్రజలు కలములను తపాలాలో బంపి గుర్తుచేసిరి. తుదకు 1962 నవంబరు 20న ఆజ్ఞాపత్రముపై సంతకమయ్యెను. 1963లో బర్మింగ్‌హాము వీథులలో బాలబాలికలు సైతము కుక్కలకును నీటిగొట్టముల తాకిడికిని ఎదురొడ్డిన పిమ్మటగాని, పౌరహక్కుల శాసనము దెత్తునని కెనడీ ప్రకటింపలేదు. ఆ నవంబరులో ఆయన హతుడయ్యెను. జాన్సన్ సంతకముతో ఆ శాసనము 1964 జూలై 2న వెలువడెను. సెల్మా పాదయాత్రికుల నెత్తురు చిందిన పిదప, 1965 ఆగస్టు 6న వోటుహక్కుల శాసనమును వచ్చెను.

మహాజనులారా! అభ్యర్థి పలికిన మంచిమాటను ఆ ప్రజలు తృణీకరింపలేదు; దానితో తృప్తిపడి యింట గూర్చుండనులేదు. పలికిన మాటను ఋణముగా నెంచి, అది తీరువఱకు అడుగుచునే యుండిరి. వోటు వేసిననాడు వారి పని ముగియలేదు, ఆరంభమయ్యెను. సంఘములుగా గూడిన ప్రజలెల్లరును ఈ చరిత్రమునుండి గ్రహింపదగినది యిదియే.