కోత తగ్గింది, పేగు దక్కింది

చిన్నపేగు చివర వాపు, ఆ వాపుతో మందమెక్కిన గోడ, ఇరుకైన దారి. 1932లో న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్ ఆసుపత్రి వైద్యులు బరిల్ క్రోన్, లియోన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఓపెన్‌హైమర్ 14 మంది రోగుల ఆధారంగా ఈ జబ్బును వర్ణించారు. స్కాట్లాండ్ సర్జన్ డాల్జీల్ ఇలాంటి రోగుల గురించి 1913లోనే రాసినా, స్థిరపడింది మాత్రం క్రోన్ పేరే: క్రోన్స్ వ్యాధి.

అప్పట్లో మందులు అంతంతమాత్రం. పొట్ట నిలువునా కోసి, జబ్బు మళ్లీ రాకూడదని చుట్టూ ఉన్న మంచి పేగు కూడా తీసేసేవారు. లేదా జబ్బు భాగాన్ని అలాగే వదిలి పక్కదారి కలిపేవారు. 1956లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు చేసింది అదే. ఎంత తీసినా, కుట్లు వేసిన చోటే జబ్బు తిరగబెట్టేది. ఎదిగే వయసు పిల్లలకు ఇది మరీ నష్టం. జబ్బు వల్ల ఎత్తు పెరగడం, యుక్తవయసు రావడం అసలే ఆలస్యమవుతాయి. ఆపైన పేగు పోతే ఒంటికి పట్టే ఆహారమూ తగ్గుతుంది.

పేగును కాపాడే ఒక ఉపాయం భారతదేశం నుంచే వెళ్లింది. క్షయ వల్ల ఇరుకైన పేగును తీసేయకుండా, నిలువునా కోసి అడ్డంగా కుట్టి వెడల్పు చేసే పద్ధతిని కటారియా బృందం 1977లో ప్రచురించింది. ఆక్స్‌ఫర్డ్ సర్జన్ ఇమాన్యుయెల్ లీ దాన్ని క్రోన్స్ రోగులకు వాడి, 1982లో ఫలితాలు వెల్లడించారు. మంచి పేగు ఎక్కువ తీసినంత మాత్రాన జబ్బు ఆగదని 1996లో ఫాజియో బృందం పరీక్షించి తేల్చింది.

ఇక పొట్ట మీది కోత వంతు వచ్చింది.

జర్మనీలో కుర్ట్ సెమ్ 1980లో అపెండిక్స్‌ను, ఎరిక్ మ్యూహె 1985లో పిత్తాశయాన్ని ల్యాప్రోస్కోపీతో తొలగించారు. 1990ల్లో ఈ పద్ధతి క్రోన్స్‌కూ వచ్చింది. బొడ్డు దగ్గర చిన్న రంధ్రం చేసి, కార్బన్ డయాక్సైడ్‌తో పొట్ట ఉబ్బించి, కెమెరా దింపుతారు. మరో రెండు మూడు రంధ్రాల్లోంచి పేగును విడదీసి, బొడ్డు దగ్గరి కోతను కాస్త పెంచి బయటికి లాగుతారు. చెడిన ముక్క కోసి, చివరలు కలిపి, తిరిగి లోపలికి పంపుతారు. 2006లో వెలువడిన డచ్ పరిశోధనలో 60 మందిని రెండు పద్ధతులకూ లాటరీలా పంచారు. ల్యాప్రోస్కోపీ వారు 5 రోజుల్లో, పెద్ద కోత వారు 7 రోజుల్లో ఇంటికెళ్లారు. జబ్బు తిరగబెట్టడంలో మాత్రం ఇలాంటి పోలికల్లో పెద్ద తేడా కనిపించలేదు.

టీనేజర్ల విషయంలో ఆధారాలు ఎక్కువగా ఆసుపత్రుల పాత రికార్డుల నుంచే వచ్చాయి. త్వరగా కోలుకుని బడికి వెళ్లడం, మచ్చ చిన్నదవడం ఈ వయసులో చిన్న లాభాలేమీ కావు. అయితే చీముగడ్డలు, ఫిస్టులాలు (పేగు నుంచి పక్క భాగాలకు ఏర్పడే అసహజ దారులు), పాత ఆపరేషన్ల వల్ల అతుక్కుపోయిన పేగులు ఉంటే సర్జన్ మధ్యలోనైనా పెద్ద కోతకు మారాల్సి రావచ్చు. దాన్ని వైఫల్యంగా చూడకూడదు, అక్కడ అదే క్షేమం.

1998లో అమెరికాలో అనుమతి పొందిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు 2006 నుంచి పిల్లలకూ అందింది. దాంతో చాలామందికి ఆపరేషన్ వాయిదా పడుతోంది. తప్పనప్పుడు ముందుగా ఎమ్మారైతో పేగును పరిశీలిస్తారు, ద్రవాహారంతో బలం పెంచుతారు, వీలైతే స్టెరాయిడ్లు తగ్గిస్తారు. ఏ పద్ధతి ఎంచుకున్నా, ఎన్ని సెంటీమీటర్ల పేగు మిగిలిందో రికార్డులో రాసిపెట్టుకోవాలి. మరో ఆపరేషన్ అవసరమైతే సర్జన్ ముందుగా చూసేది ఆ లెక్కనే.